వ్యూస్ లెక్క వేరు, డబ్బుల లెక్క వేరు

దుబాయ్ సోనాపూర్ క్యాంపుల్లో డ్యూటీ దిగి అన్నం వండుకునే వేళకు ఇప్పుడు ఏ రూమ్‌లో చూసినా ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి పట్టుకుని 'హాయ్ ఫ్రెండ్స్' అంటున్నారు. మేము క్యాంపు ఆఫీసులో గుమాస్తాలం. మీ హాజరు పుస్తకాలు, మీకు వచ్చే ఉత్తరాలు చూసేది మేమే. ఈ ఛానళ్లను ఎగతాళి చేసేవాళ్లతో మేము ఏకీభవించం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి 'మై విలేజ్ షో' మనం చూసిందే. అందులో నటించిన గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా వెళ్లింది. మన యాసను ఇష్టపడి చూసేవాళ్లు ఉన్నారు. మా బాధ వేరే ఉంది.

పోయిన ఏడాది మా క్యాంపు తమ్ముడొకడు 2,400 దిర్హాముల ఫోన్ వాయిదాల మీద కొన్నాడు. చికెన్ వండిన షార్ట్ వీడియోకు 40 వేల వ్యూస్ వచ్చాయి. "అన్నా, ఎంత పడ్తది?" అని సంబరంగా మా దగ్గరికి వచ్చాడు. చూస్తే సున్నా. తర్వాత ఎవడో ఏజెంటు 500 దిర్హాములు తీసుకుని రాత్రికి రాత్రే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లను తెచ్చిపెట్టాడు. అవి దొంగ ఖాతాలు. కొన్ని వారాల్లో యూట్యూబ్ తీసేసింది. ఏజెంటు ఫోన్ ఎత్తడు.

సోదరులారా, వ్యూస్‌కు ఎవరూ డబ్బులివ్వరు. డబ్బు వచ్చేది ప్రకటనల మీద. ఆ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ వరుసలో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు చూస్తే 80 వేల సార్లు చూడాలి. అది దాటాక పెద్ద వీడియోల ప్రకటనల డబ్బులో మనకు 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. అమెరికాలో చూస్తే ఎక్కువ పడుతుంది, మన ఊళ్లో చూస్తే తక్కువ. లక్షకు ఇంత అని రేటు చెప్పేవాణ్ణి నమ్మకండి. రూమ్ వాళ్లందరితో ప్రకటనల మీద నొక్కించారో, ఖాతాయే మూసేస్తారు.

ఇక ఉత్తరం సంగతి. సంపాదన 10 డాలర్లకు చేరగానే గూగుల్ యాడ్‌సెన్స్ వాళ్లు పిన్ నంబరు పోస్టులో పంపుతారు. ఇక్కడ పోస్ట్‌మన్ గది దాకా రాడు, కంపెనీ పోస్ట్ బాక్సుకే వస్తుంది. రూమ్ నంబరు ఒక్కటే రాస్తే ఆ కవరు ఎటు పోతుందో దేవుడికెరుక. అడ్రసు రాసేముందు మమ్మల్ని అడగండి, చెప్పడానికి మాకేం బరువు కాదు. ఖాతాలో దేశం ఒకసారి పెడితే మార్చడం కుదరదు. ఇంటి దగ్గర భార్య పేరున తెరిస్తే బ్యాంకు ఖాతా కూడా ఆమె పేరునే ఉండాలి. 100 డాలర్లు, అంటే సుమారు 367 దిర్హాములు నిండితేనే డబ్బు బయటికి వస్తుంది.

అన్నిటికన్నా మాకు భయం కలిగించేది ఇంకొకటి. పై మంచం మీద బనియన్‌తో పడుకున్న అన్నను అడగకుండా తీసి పెడుతున్నారు. యూఏఈ 2021 సైబర్ చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా ఆంతరంగిక స్థలంలో వీడియో తీయడం నేరం. జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా. నెలకు వెయ్యి దిర్హాముల జీతగాడికి తక్కువలో తక్కువ 150 నెలల జీతం! సైటు లోపల తీసేముందు ఫోర్‌మన్‌ను అడగండి. షాపువాడు బిర్యానీ పెట్టి ప్రచారం చేయమన్నాడని ఊరికే ఒప్పుకోకండి. 2025లో ప్రకటనల పర్మిట్ నిబంధన కూడా వచ్చింది.

మా తమ్ముడు ఇప్పుడు షార్ట్స్ మానేశాడు. సెలవు రోజున ఊరికి పంపే కార్గో పెట్టె ఎలా కట్టాలో పది నిమిషాల వీడియో తీశాడు. కింద జనం ప్రశ్నలు అడుగుతున్నారు. సబ్‌స్క్రైబర్లు 112 మంది. ఫోన్ వాయిదాలు ఇంకా నాలుగు ఉన్నాయి.