సున్నపురాతి సీమలో సిమెంటు పర్మిట్టు

మొన్న మా బంధువుల ఇంట గృహప్రవేశం. భోజనాలయి అరుగు మీద చేరిన పెద్దవాళ్ళు ఇళ్ళు కట్టుకున్న నాటి పాట్లు చెప్పుకుంటున్నారు. "ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్టు చేతికి రావడమూ, పిల్లకు సంబంధం కుదరడమూ ఒకటే" అన్నాడొక పెద్దాయన. పక్కనున్న కుర్రవాడు, ఇంజనీరింగు చదివినవాడే, "సిమెంటుకు పర్మిట్టేమిటండీ తాతగారూ? అదేమన్నా తుపాకీయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నలభై ఏళ్ళు తిరిగేసరికి దేశం తాను పడ్డ అవస్థను ఇంత శుభ్రంగా మరిచిపోతుందా! మరిచిపోతే ఫరవాలేదు. మరిచిపోయి మళ్ళీ అదే దారిన పడుతున్నామేమోనని నా అనుమానం. ఆ సంగతి చెప్పడానికి దాచేపల్లి కంటె మంచి సాక్షి నాకు కనబడదు.

పల్నాడు ఎరిగినవారికి చెప్పక్కరలేదు. ఎరగనివారి కోసం రెండు మాటలు. గుంటూరు వైపు నుంచి హైదరాబాదు పోయే పాత రోడ్డు మీద పిడుగురాళ్ళ దాటితే దాచేపల్లి. ఇంకాస్త పోతే పొందుగుల, అక్కడ కృష్ణ, ఆవలి ఒడ్డున వాడపల్లి. మిరపా, పత్తీ పండే నేల. ఆ నేల కిందంతా సున్నపురాయే. బావి తవ్వితే ముందు రాయి, తరవాత రాయి, అదృష్టముంటే నీళ్ళు అని మా వైపు హాస్యానికి అంటారు. ఇళ్ళలో పరిచేది నాపరాయి, గోడకు పెట్టేది రాయి, పిడుగురాళ్ళ బట్టీల్లో కాలేది రాయి.

సిమెంటుకు కావలసిందీ ఆ రాయే. సున్నపురాయిని బంకమట్టితో కలిపి నూరి, కొలిమిలో పధ్నాలుగు వందల డిగ్రీల పైన కాల్చి, గట్టిపడ్డ ముద్దలను కాస్త జిప్సం చేర్చి మళ్ళీ నూరితే సిమెంటు. కాల్చిన ముద్ద ఒక టన్ను రావాలంటే రాయి దాదాపు టన్నున్నర పడుతుంది. కనుక ఫ్యాక్టరీయే రాయి దగ్గరకు రావాలి గాని, రాయి ఫ్యాక్టరీ దగ్గరకు పోదు. కె.సి.పి. వారు 1958లో మాచర్లలో ఫ్యాక్టరీ పెట్టింది అందుకే. అంటే పల్నాటివారికి సిమెంటు పెరటి చెట్టు వంటిది. అయినా ఆ చెట్టు కాయ కోసుకోవడానికి గవర్నమెంటు సంతకం కావలసి వచ్చింది.

కంట్రోలు 1942లో, యుద్ధం రోజుల్లో వచ్చింది. యుద్ధం పోయింది, తెల్లవాడు పోయాడు, కంట్రోలు మాత్రం ఉండిపోయింది. 1956లో పంపిణీ అంతా స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలో పెట్టారు. 1966లో ఒకసారి విప్పారు, 1968లో మళ్ళీ బిగించారు. ఫ్యాక్టరీ ఏ ధరకు అమ్మాలో ఢిల్లీ చెప్పేది. ఏ రాష్ట్రానికి ఎంత పోవాలో ఢిల్లీయే చెప్పేది. రాష్ట్రంలో ఎవరికి ఎన్ని బస్తాలో కింది కచేరీలు చెప్పేవి. ఇందులో న్యాయం బొత్తిగా లేదని నేననను. నాగార్జునసాగర్ వంటి పనులు జరుగుతున్న రోజుల్లో, ఉన్న కాస్త సిమెంటూ ముందు ఆనకట్టకు పోవాలా, ఎవరి మేడకో పోవాలా అంటే ఆనకట్టకే అని ఎవరైనా అంటారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ "ఉన్న కాస్త" నలభై ఏళ్ళయినా కాస్తగానే ఉండిపోయింది.

మా మేనమామ దాచేపల్లిలో 1970లలో రెండు గదుల డాబా తలపెట్టాడు. అరవై బస్తాలు కావాలని మేస్త్రీ లెక్కవేసి ఇచ్చాడు. మామయ్య ఒక కచేరీలో అర్జీ పెట్టాడు. తిరగ్గా తిరగ్గా ఇరవై బస్తాలకు కాగితం వచ్చింది. కాగితం వచ్చిన వేళకు డిపోలో సరుకు లేదు. సరుకు వచ్చిన వేళకు వానలు వచ్చాయి. గోనె సంచుల్లో వచ్చిన ఇరవై బస్తాలలో నాలుగు రాళ్ళయి కూచున్నాయి. "మన ఊరి రాయి మనకు రాయిగానే తిరిగొచ్చింది" అని మా అత్తయ్య అనేది. తక్కిన నలభై బస్తాలు ఎక్కడివి అంటే మామయ్య చెప్పేవాడు కాదు. రాత్రిపూట బండి వచ్చేదని మాత్రం మాకు, పిల్లలకు, తెలుసు. ధర రెట్టింపు కంటె ఎక్కువేనని తరవాత ఎప్పుడో అత్తయ్య నోట జారింది.

ఆ ఇంటి వెనకభాగం మాత్రం గానుగ సున్నంతో లేచింది. సున్నానికి అర్జీ లేదు, కోటా లేదు. బట్టీ యజమానీ, మామయ్యా బేరమాడుకున్నారు, బండి సాయంత్రానికి ఇంటికి చేరింది. ఒకే నేలలో పుట్టిన ఒకే రాయి. సున్నమైతే బజారుకు పోయింది, సిమెంటయితే కచేరీకి పోయింది.

కచేరీ గుమాస్తా చెడ్డవాడని కాదు. అరవై మంది అడుగుతున్నచోట ఇరవై మందికి సరిపడేదాన్ని పంచమంటే దేవుడైనా పక్షపాతి అనిపించుకుంటాడు. అసలు తప్పు ధర దగ్గర ఉంది. ధరను కిందకు తొక్కిపెడితే కొత్త ఫ్యాక్టరీకి డబ్బు పెట్టేవాడు ఉండడు. ఫ్యాక్టరీ రాకపోతే కొరత తీరదు. కొరత ఉన్నంతకాలం సంతకానికి విలువ. ఆ విలువ ఎంత పైకి పాకుతుందో బొంబాయిలో తేలింది. సిమెంటు కేటాయింపులకూ, తాను నడిపిన ట్రస్టుకు బిల్డర్లిచ్చిన విరాళాలకూ సంబంధముందని హైకోర్టు తీర్పు చెప్పగా, మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో దిగిపోవలసి వచ్చింది. మా మామయ్య రాత్రి బండికీ ఆ వ్యవహారానికీ తేడా బస్తాల లెక్కలోనే.

ఈ పర్మిట్టు-లైసెన్సు రాజ్యం వద్దని మొట్టమొదట గొంతెత్తినవారిలో మన జిల్లావాడూ ఉన్నాడు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దాని అధ్యక్షుడు నిడుబ్రోలు వాస్తవ్యుడు ఎన్. జి. రంగా. భూస్వాముల పార్టీ అని అప్పట్లో వెక్కిరించారు. అందులో కొంత నిజం లేకపోలేదు కూడా. కాని పర్మిట్టు గురించి వాళ్ళు చెప్పింది నిజమైంది. తమాషా చూడండి: సిమెంటు కంట్రోలు సగం విప్పిన 1982లో రంగాగారు మళ్ళీ కాంగ్రెసులో చేరి, గుంటూరు పార్లమెంటు సభ్యులుగా పాలకపక్షంలోనే కూచుని ఉన్నారు.

1982 ఫిబ్రవరి 28న వచ్చిన ఆ మార్పు చిన్నదే. ఫ్యాక్టరీ తన సరుకులో మూడింట రెండు వంతులు గవర్నమెంటు ధరకు ఇవ్వాలి, తక్కినది బజారులో అమ్ముకోవచ్చు. ఆ ఒక్క వంతు చాలింది. 1981-82లో దేశం మొత్తం తయారయింది రెండు కోట్ల టన్నుల పైచిల్లర. 1988-89 నాటికి నాలుగు కోట్ల నలభై లక్షలకు చేరింది. 1989 మార్చి 1న కంట్రోలు పూర్తిగా పోయింది, 1991లో కొత్త ఫ్యాక్టరీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. ఇప్పుడు ఏటా నలభై కోట్ల టన్నుల పైమాట. ఇదంతా ఎవరో మహానుభావుడు ప్రణాళిక వేసి చేసింది కాదు. ధర కనబడితే డబ్బు దానంతట అదే దారి వెతుక్కుంది.

దాచేపల్లి నుంచి చూస్తే ఈ కథ కంటికే కనబడుతుంది. పొందుగులకు ఎదురుగా, వాడపల్లి దగ్గర విష్ణుపురంలో రాశీ సిమెంటు లేచింది. పెట్టినాయన బి. వి. రాజు, ప్రభుత్వపు సిమెంటు కార్పొరేషనుకే ఛైర్మనుగా చేసి, బయటకు వచ్చి సొంతంగా మొదలుపెట్టినవాడు. అదే ఒడ్డున మట్టంపల్లిలో సాగర్ సిమెంటు 1985లో తయారీ మొదలుపెట్టింది. ఇవతల దాచేపల్లి మండలంలోనే దుర్గా సిమెంటు. కృష్ణకు రెండు వైపులా పొగగొట్టాలు మొలిచాయి. సిమెంటు దుకాణం ప్రతి ఊళ్ళోనూ వెలసింది.

అయితే, బజారును పొగిడేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపను.

దాచేపల్లి ఫ్యాక్టరీ చేతులు మారింది, చివరకు అప్పుల్లో పడి ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆగిన ఫ్యాక్టరీ పక్క ఊరు ఎట్లా ఉంటుందో చూస్తేగాని తెలియదు. టీ కొట్టు మొదలు కిరాయి లారీ దాకా అన్నీ ఒకేసారి చల్లబడతాయి. బజారు తప్పును దిద్దుతుంది, నిజమే, కాని తీరిగ్గా దిద్దుతుంది. ఆ లోపల జీతం రాని మనిషికి అర్థశాస్త్రం చెప్పి లాభం లేదు. దివాళా చట్టం 2016లో వచ్చింది గనుక సరిపోయింది. ఆ దారినే 2023లో ఏటి అవతలి సాగర్ వారు దీన్ని తీసుకున్నారు. పాతకాలపు పద్ధతిలో అయితే అది ఖాయిలా పరిశ్రమ అనే పేరుతో ఫైళ్ళలో తుప్పు పట్టి ఉండేదని నా నమ్మకం.

రెండో సంగతి ఇంకా గట్టిది. గవర్నమెంటు ధర కట్టడం మానేస్తే, అమ్మేవాళ్ళే కూడబలుక్కుని కడితే? 2012లో కాంపిటీషన్ కమిషన్ పదకొండు సిమెంటు కంపెనీలు కుమ్మక్కయ్యాయని తేల్చి ఆరు వేల కోట్ల రూపాయల పైగా జరిమానా వేసింది. అప్పీలులో వెనక్కు వచ్చింది, 2016లో మళ్ళీ వేశారు, 2018లో ట్రిబ్యునల్ అది సబబేనంది, కంపెనీలు సుప్రీంకోర్టుకు పోయాయి. ఇల్లు కట్టుకునేవాడు ఇన్నేళ్ళు ఆగగలడా? గుమాస్తా సంతకం పోయి కంపెనీల సైగ వచ్చిందంటే స్వేచ్ఛ వచ్చినట్టు కాదు. పోటీని కాపాడటానికి ఒక కాపలాదారు కావాలి, వాడు తొందరగా నడిచేవాడై ఉండాలి. స్వేచ్ఛా వ్యాపారమంటే గవర్నమెంటే అక్కర్లేదనే మిత్రులతో నాకు ఇక్కడే పేచీ.

మూడోది రాయి. అది భూమిలో ఉన్నంతవరకు రాష్ట్రానిది, అంటే అందరిదీ. తవ్వినవాడు సీనరేజి కట్టాలి. పిడుగురాళ్ళ, దాచేపల్లి మండలాల్లో అక్రమంగా తవ్వారన్న ఆరోపణ మీద హైకోర్టుదాకా పోయి, 2020లో సి.బి.ఐ. కేసు నమోదు చేసింది. రాజకీయం అండతో రాయి తీసుకుపోవడాన్ని వ్యాపారం అనరు. దానికి తెలుగులో వేరే మాట ఉంది.

ఇక గవర్నమెంటు తన వంతు ఏం చేస్తోంది? 2020లో మన రాష్ట్రం సిమెంటు కంపెనీలతో మాట్లాడి, ప్రభుత్వ పనులకు బస్తా 225, 235 రూపాయలకు ఇచ్చేట్టు ఒప్పించింది. బజారులో మామూలు గృహస్థు కట్టేది అంతకు చాలా ఎక్కువ. ప్రభుత్వానికి తగ్గించిన రూపాయిని కంపెనీ ఎవరి దగ్గర రాబట్టుకుంటుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పైగా 2017 జూలై నుంచి సిమెంటు మీద జి.ఎస్.టి. 28 శాతం. తలదాచుకునే గూడు విలాస వస్తువుల వరసలో చేరింది! 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 అయింది. మంచిదే, ఎనిమిదేళ్ళు ఆలస్యమైనా.

నా అనుమానమంతా ఇసుక దగ్గర. సిమెంటుకు పట్టిన గతి దానికి మన కళ్ళముందే పట్టింది. 2016లో ఇసుక ఉచితమన్నారు. 2019లో కొత్త ప్రభుత్వం ఆ పద్ధతి రద్దుచేసి, గనుల సంస్థ ద్వారానే అమ్మకం, ముందుగా బుకింగు అంది. ఆ ఏడు వరదలూ తోడయి ఏట్లో ఇసుక కదలక, తాపీ పనివాళ్ళు నెలల తరబడి పనిలేక కూచున్నారు. 2021లో రాష్ట్రం మొత్తం ఇసుకను ఒకే ప్రయివేటు కంపెనీకి అప్పగించారు. ప్రయివేటు గదా, మీకు సంతోషమే గదా అని ఒక మిత్రుడు నన్ను ఎగతాళి చేశాడు. నూరు గుమాస్తాల బదులు ఒక్క గుత్తదారు వస్తే నాకు సంతోషం ఎందుకు? కొనేవాడికి రెండో కొట్టు లేనప్పుడు ఆ కొట్టు గవర్నమెంటుదా, ప్రయివేటుదా అన్న తగువు చదువుకున్నవాళ్ళకే.

2024 జూలై 8 నుంచి ఇసుక మళ్ళీ ఉచితమన్నారు. సరుకుకు ధర లేదు, కాని తవ్వకం కూలీ ఉంది, లోడింగు ఉంది, లారీ బాడుగ ఉంది. ఉచితమనే మాట కింద ఈ మూడూ దాక్కుంటే రాత్రి బండి మళ్ళీ బయలుదేరుతుంది. ప్రతి రేవులోనూ ఈ మూడింటి లెక్కా విడివిడిగా రాసి బోర్డు కట్టాలి; ఏ లారీవాడైనా వరసలో వచ్చి ఎత్తుకుపోయే వీలుండాలి; నాలుగు రేవులుంటే నలుగురు వేరు వేరు మనుషులకు ఇవ్వాలి. దాచేపల్లి వైపు ఈ ఏడు ఇల్లు తలపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, రేవులో వాళ్ళకు అడిగిన రేటూ, ఇచ్చిన రసీదూ కాస్త పక్క పక్కన పెట్టి చూడమని నా మనవి.