దాచిన దస్త్రం, చెరిపిన దస్త్రం
ఆగ్నేయాసియాలో పంటలను నాశనం చేసే, అంటువ్యాధులను వ్యాపింపజేసే ఆయుధాలపై పరిశోధన చేపట్టాలని 1947లో ఆస్ట్రేలియా రక్షణ శాఖకు రహస్యంగా సిఫారసు చేసినవారు శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్; 1960లో నోబెల్ అందుకున్నదీ ఆయనే. ఆ ఆయుధాల గురి ఆగ్నేయాసియా కనుక, పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో స్థిరపడిన ఆసియా వలసదారుకు ఇది పాత కథ మాత్రమే కాదు. ఆ సిఫారసు దస్త్రంపై గోప్యత దశాబ్దాల తర్వాత గాని తొలగలేదు. ఆలస్యమైనా, కాగితం మిగిలింది కనుకే తప్పొప్పులు విచారించడం సాధ్యమైంది. అమెరికా నిఘా సంస్థ సీఐఏ ఆ అవకాశమూ ఇవ్వలేదు: మనుషులకు తెలియకుండా ఎల్‌ఎస్‌డీ మత్తుమందు ఇచ్చి చూసిన ఎంకే అల్ట్రా పథకం దస్త్రాల్లో అధికభాగాన్ని 1973లో ధ్వంసం చేయించింది. బాధితుల లెక్క తేలే దారీ దాంతో మూసుకుపోయింది. దేశ భద్రత పేరిట గోప్యత కొంతకాలం చెల్లవచ్చు, సాక్ష్యాన్ని చెరిపే హక్కు మాత్రం ఏ నిఘా సంస్థకూ లేదు. ఇటువంటి పరిశోధనకు పార్లమెంటు పర్యవేక్షణ, దస్త్రాల వెల్లడికి కచ్చితమైన గడువు ఉండి తీరాలి.