‘ఈ వయస్సున మామూలే’

ముట్లుడిగిన స్త్రీ తన గుండెదడను గూర్చి నోరు విప్పి చెప్పుకొన్నప్పుడు, ఇంటనైననేమి, వైద్యశాలయందైననేమి, ఆమెకు మొట్టమొదట వినవచ్చు సమాధానము ‘ఈ వయస్సున మామూలే’ యను మాట. ఈ మాటయందు అసత్యము లేదు. కాని నాడి పట్టి చూచి, రక్తము పరీక్షింపించి, హృదయస్పందనమును ఈసీజీ కాగితముపై గీయించి చదివిన పిమ్మట వైద్యుడు ధైర్యము చెప్పుటకై పలుకదగిన యీ మాటను, రోగి కుర్చీలో కూర్చుండక మునుపే పలికి పంపివేయుట మనకు వాడుకయైపోయినది. చివర రావలసిన మాట మొదట వచ్చుటవలన ఎన్ని వ్యాధులు మరుగుపడుచున్నవో, ఎందరు స్త్రీలు తమ బాధను తామే శంకించుకొని మిన్నకుండుచున్నారో తలచుకొన్నప్పుడు, దీనిని గూర్చి పత్రికాముఖమున మాటలాడుట అవసరమని నాకు తోచినది.

నా సంగతియే చెప్పెదను. నా యేబదియొకటవ యేట, ముట్లు నిలిచి సంవత్సరము దాటిన పిమ్మట, రాత్రి రెండు గంటలవేళ మెలకువ వచ్చుట మొదలైనది. రొమ్మునుండి మెడకును, మెడనుండి ముఖమునకును ఒక ఆవిరి యెగసి, ఒడలెల్ల చెమట పట్టి, ఆ వెంబడినే గుండె చెవులలో మ్రోగుచు పరుగెత్తెడిది; కొన్ని నిమిషములకు అంతయు చల్లారి చలి పుట్టెడిది. పగటివేళ మేడమెట్లెక్కినప్పుడును దడ వచ్చెడిది గాని, దానికి ఆవిరియు లేదు, చెమటయు లేదు. ఈ రెండు దడలును వేర్వేరని నాకు అప్పుడు తెలియదు. మొదట చూచిన వైద్యుడు నా మణికట్టును తాకకయే మామూలేయని చెప్పి నిద్రమాత్ర వ్రాసి యిచ్చిరి. ఇరుగుపొరుగువారు గ్యాసనిరి. మా అత్తగారు గాలి సోకినదేమోయని భయపడి తాయెత్తు కట్టించిరి. ఆమె చేసిన దానిలో వైద్యము లేకపోయినను, నా మాట నమ్మినది ఆ యింటిలో ఆమె యొక్కతెయే యని యిప్పటికిని కృతజ్ఞతతో తలచుకొందును. ఆరునెలలు గడచిన పిమ్మట వేరొక వైద్యురాలు నిండు నిమిషము నాడి చూచి, రక్తపరీక్ష చేయించగా, హిమోగ్లోబిన్ ఎనిమిదికి దిగినట్లు తేలినది. ముట్లు నిలుచుటకు ముందు రెండు మూడేండ్లపాటు అదుపు తప్పి పోయిన రక్తమును నా శరీరము తిరిగి కూడబెట్టుకొనలేదు. ఇనుము మాత్రలతో నాలుగు నెలలలో మెట్లమీది దడ పోయినది, రాత్రిదడ పోలేదు. అది వేరు, దాని చికిత్స వేరు.

ఆ రాత్రిదడకు మూలమేమన, అండాశయములు ఈస్ట్రోజెనను హార్మోనును స్రవింపజేయుట తగ్గించినప్పుడు, మెదడులో దేహోష్ణమును కాపాడు కేంద్రము మిక్కిలి సున్నితమై, స్వల్పమైన వేడికే శరీరమంతయు కాలిపోవుచున్నదని పొరబడి, చర్మమునకు రక్తమును పరుగెత్తించి, చెమట పోయించి, గుండె వేగమును పెంచును. ఇది కల్పన కాదు, ‘నరాల బలహీనత’యు కాదు, యంత్రము పెట్టి కొలిచి చూడదగిన మార్పు. ముట్లుడిగిన స్త్రీలలో దడ యెంత సాధారణమో పరిశీలించిన అధ్యయనములను సమీక్షించినవారు, కొన్నింటిలో నూటికి 54 మందివరకును ఆ బాధ చెప్పినట్లు కనుగొనిరి. రజస్సు పండ్రెండవ యేట మొదలై యేబదవ యేట క్షీణించునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. నేడు మన దేశమున సగటున 46, 47 యేండ్లకే ముట్లుడుగుచున్నవి. అనగా నూరేండ్ల జీవితమును కోరి దీవించు మన జాతిలో స్త్రీకి సగము ఆయుర్దాయము ఆ పిమ్మటనే యున్నదన్నమాట.

ఇంత సాధారణమైన బాధయే కావున మామూలేయనుటలో తప్పేమని యెవరైన అడుగవచ్చును. తప్పంతయు ఆ సాధారణత్వము చాటున దాగునవాటిని చూడకపోవుటయందున్నది. అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన ఉభయ తెలుగు రాష్ట్రములలోను 15–49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి తక్కువగాక రక్తహీనులు. రక్తము చాలనప్పుడు గుండె తక్కువ సరకుతో ఎక్కువమారులు తిరుగవలసిన బండివంటిదగును. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినను, తక్కువగా పనిచేయుచున్నదని యిచ్చిన మాత్ర మోతాదు మించినను దడయే వచ్చును. ఉబ్బసమునకు పీల్చు మందు, జలుబుమాత్ర, ఖాళీకడుపున త్రాగు చిక్కని కాఫీ యిట్టివే. వీటన్నింటికంటె ప్రమాదకరమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషను; గుండె పైయరలు క్రమము తప్పి వణకి, అందు రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము కలుగును. ఈ లయభంగమున్నవారికి ఆ ప్రమాదము సుమారు అయిదింతలు. వయస్సు పెరిగినకొలది ఇది యెక్కువగును గనుక, ముట్లుడిగిన స్త్రీ వయస్సే దీని వయస్సు కూడ. మామూలను మాట క్రింద ఇది నిద్రించుచుండవచ్చును.

మన పూర్వవైద్యులు రోగి కథ వినకమునుపే మూడు వ్రేళ్లతో నాడి పట్టెడివారు. వారు దాని నుండి చెప్పినదెల్ల నేడు నిలుచునని నేననను. కాని ఆ ముద్రను మనము వదలుకొనుట నష్టమేయని మాత్రము అనగలను. బొటనవ్రేలి మొదట మణికట్టుపై మూడు వ్రేళ్లానించి, గోడగడియారము చూచుచు నిండు నిమిషము లెక్కించుట అక్షరము రాని స్త్రీకిని నేర్పవచ్చును. దడ వచ్చినప్పుడు కొట్టుకొనుట వేగముగానున్నను తాళము తప్పకున్నదా, లేక తాళమే లేక యెగుడుదిగుడుగా నున్నదా యని గమనించి, ఆ తీరును వైద్యుని ముందు బల్లపై వ్రేళ్లతో తట్టి చూపగలిగినచో, అది పది మాటలకంటె మేలైన సమాచారము. దడ తగ్గిన పిమ్మట తీయించిన ఈసీజీ నిర్మలముగా నుండుట సహజము. అది చూచి రోగము లేదని తీర్పు చెప్పరాదు. ఇరువదినాలుగు గంటలు దేహమునకంటియుండు హోల్టరను యంత్రము ఇందుకొరకే యున్నది. దడతోపాటు స్పృహ తప్పినను, రొమ్మునొప్పి గాని ఆయాసము గాని కలిగినను, మాట తడబడినను, ఒక ప్రక్క చేయి లేవకున్నను తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయవలయును.

ఇక హార్మోను చికిత్స. దీనిని గూర్చి మనవారిలో రెండు వాదములున్నవి, నిత్యయౌవనమిచ్చుననునది యొకటి, అపాయమే యనునది యొకటి; రెండును అతివాదములే. 1942లో అమెరికాలో చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర అమ్మకమునకు వచ్చినది. 1966లో రాబర్ట్ విల్సనను వైద్యుడొక గ్రంథము వ్రాసి ముట్లుడుగుటయే ఒక వ్యాధియనియు, ఈ మాత్రతో నిత్యయౌవనము సిద్ధించుననియు ప్రచారము చేసెను. గర్భాశయమున్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటియే యిచ్చినచో గర్భాశయపు లోపలిపొరకు క్యాన్సరు రాగలదని 1975లో తేలినది; నాటినుండి అట్టివారికి ప్రొజెస్టెరాన్ జాతి మందును చేర్చి యిచ్చుట నియమమైనది. పిమ్మట 2002 జులైలో, ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అను బృహత్పరిశోధనలో 16,608 మంది స్త్రీలకు జంటమందు నిచ్చి చూచిన భాగమును నడుమనే నిలిపివేసిరి. పత్రికలన్నియు అపాయమని ఘోషించినవి. ఆ అపాయము నిజమైనదే. కాని దాని పరిమాణమెంత? ఏటికి పదివేలమందిలో రొమ్ము క్యాన్సరు 8 మందికి, పక్షవాతము 8 మందికి, గుండెజబ్బు 7 మందికి అదనముగా వచ్చినవి. తుంటియెముక విరుగుట 5 మందికి తగ్గినది. ఆ స్త్రీల సగటు వయస్సు 63. ముట్లుడిగి పదేండ్లు దాటినవారికి కలిగిన ఫలితమును, నిన్న మొన్న ముట్లుడిగి రాత్రులు నిద్ర లేక తపించు నలువదియెనిమిదేండ్ల స్త్రీకి యథాతథముగా అన్వయించి, ఇరువదియేండ్లపాటు వైద్యులు ఆ మందు పేరెత్తుటకే జంకిరి. అరువదియేండ్లలోపు వారికి, లేదా ముట్లుడిగి పదేండ్లు నిండనివారికి, ఇతర నిషేధములు లేనిచో ప్రయోజనమే అధికమని యిప్పుడు నిపుణసంఘములు చెప్పుచున్నవి. ఈ మందుల సమాచారపత్రములలో ముద్రించుచు వచ్చిన హెచ్చరికలలో పెక్కింటిని తొలగింప సంకల్పించినట్లు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణసంస్థ ప్రకటించినది. ఈ వార్తను పట్టుకొని మరల నిత్యయౌవనపు వ్యాపారము మొదలగునేమో యను భయము నాకు లేకపోలేదు.

అదే పరిశోధనలో రెండవ భాగమొకటి యున్నది. దానిని గూర్చి మన దేశమున మాటలాడినవారు తక్కువ. గర్భసంచి తీయించుకొన్న 10,739 మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటియే యిచ్చిన ఆ భాగము 2004లో ఆగినది. పక్షవాతము కొంత పెరిగినది. కాని రొమ్ము క్యాన్సరు పెరుగలేదు, గుండెజబ్బును పెరుగలేదు. ఈ ఫలితము తెలుగుదేశమునకు సంబంధించినంతగా మరే రాష్ట్రమునకు సంబంధింపదని నా యభిప్రాయము. ఏలయన, 15–49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున సగటున నూటికి మువ్వురికి కొంచెమెక్కువ కాగా, ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఎనిమిదిమందికి పైబడియున్నారు. తెల్లబట్టయనియు, నడుమునొప్పియనియు, ఉంచినచో క్యాన్సరగుననియు భయపెట్టి ముప్పదియేండ్లలోపే కోసివేసిన కథలు మన పల్లెలలో కోకొల్లలు. ఇట్టి అనవసర శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అమలుపరుపవలసినదిగా 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. ఇకముందు జరుగువానికి అది కంచె. జరిగిపోయినవారి మాటయేమి? గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసినచో, సహజముగా నాలుగైదేండ్లలో మెల్లగా వచ్చు మార్పు ఒక్క పూటలో వచ్చిపడును. దడయు ఆవిరులును ఉగ్రముగా నుండును. ఎముకలు గుల్లబారుటయు, గుండెజబ్బును త్వరపడును. వారికి, వేరే నిషేధము లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సువరకైనను ఈస్ట్రోజెనివ్వవలెననుట వైద్యశాస్త్రమున దాదాపు నిర్వివాదము. ఆ మందు అవసరమైన స్త్రీలు మన పొలములలో కలుపు తీయుచున్నారు. ఆ మందు పేరు వారు వినియైన యెరుగరు.

అయినను ఒక మాట స్పష్టముగా చెప్పవలయును: హార్మోను గుండెమందు కాదు. గుండెజబ్బు రాకుండుటకై దానిని మ్రింగుట కూడదు. ఆవిరులతో ముడివడిన దడను అది తగ్గింపవచ్చును, ఆవిరులను తగ్గించుటయందు దానికి సాటి మందు లేదు గనుక. కాని మొదటి వారములలో దడను పెంచుటయు కొందరియందు కలదు, అప్పుడు మోతాదు మార్చవలయును. రొమ్ము క్యాన్సరు వచ్చినవారును, కాలిలోగాని ఊపిరితిత్తులలోగాని రక్తము గడ్డకట్టినవారును, గుండెపోటు, పక్షవాతము వచ్చినవారును, కారణము తెలియని రక్తస్రావము గలవారును, కాలేయము చెడినవారును దీని జోలికి పోరాదు. మాత్రకంటె చర్మమునకు పూయు జెల్లు, అంటించు పట్టీ రక్తము గడ్డకట్టు భయమును తగ్గించును. నేను మూడేండ్లు జెల్లును, రాత్రివేళ ప్రొజెస్టెరాన్ మాత్రను వాడితిని. రెండవ నెలలో రాత్రినిద్ర తిరిగి వచ్చినది. ఏటేట రొమ్ముపరీక్ష చేయించుకొంటిని. పిమ్మట మెల్లగా మానివేసితిని. హార్మోను వద్దనువారికి, కూడనివారికి వేరుమందులును కలవు.

తెలంగాణమున 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ యను కార్యక్రమము మొదలై, మంగళవారములందు స్త్రీలకు ప్రత్యేకముగా చేయు సేవలలో ముట్లుడుగు దశను కూడ చేర్చిరి. మనసారా సంతోషించితిని, ప్రభుత్వపు కాగితముపై ఆ మాట కనబడుటయే గొప్ప. ఉభయ రాష్ట్రములలోను ముప్పదియేండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర చూచుచునే యున్నారు. నేను కోరునది ఖర్చులేని రెండు పనులు. ఆ వేళనే నిండు నిమిషము నాడి లెక్కించి, లయ తప్పినదేమో వ్రాయవలయును. గర్భసంచి తీసిన ప్రతి వైద్యశాలయు, అండాశయములనుంచినది లేనిది స్త్రీకి తెలుగులో వ్రాసి చేతికిచ్చి, చదివి వినిపింపవలయును.

ఈ రెండవ కోరిక నాకు పుస్తకములవలన కలిగినది కాదు. హనుమకొండలో మా యింట పనిచేయు స్త్రీకి ముప్పదియెనిమిదేండ్లు. ఇరువదితొమ్మిదవ యేట గర్భసంచి తీసిరి. ఏండ్లతరబడి దడ, చెమటలు, నిద్రలేమి; ఎక్కడ చూపించుకొన్నను బలహీనతయని సెలైన్ ఎక్కించి పంపెడివారు. ఒక మంగళవారము ఆమెతో నేనును పోతిని. నాడి క్రమముగానే యున్నది, ఈసీజీ బాగున్నది, రక్తము ఫరవాలేదు. “అండాశయములు ఉంచినారా, తీసినారా?” యని వైద్యురాలడిగిరి. ఆమె నా వైపు చూచినది. ప్లాస్టిక్ సంచిలో తొమ్మిదేండ్లు దాచిన కాగితమును విప్పితిమి; గర్భసంచి తొలగించినట్లు, పుచ్చుకొన్న రూపాయలు ఇన్నియని మాత్రమే అందున్నది. స్కానింగులోను రక్తపరీక్షలోను సంగతి తేలిన నాడు, ఆమె చాలసేపు మాటలాడక, పిమ్మట నెమ్మదిగా అడిగినది: “అమ్మా, అవి గూడ తీసిన్రా? నాకెవ్వలు చెప్పలే.”