మన ఊళ్లు: పోరుమామిళ్ల

పిల్లలూ! చెరువులు తవ్వించిన రాజుల పేర్లు మీరు చాలా విని ఉంటారు. కాని, మంచి చెరువుకు ఏమేం కావాలో, చెరువుకు ఏవి దోషాలో రాతి మీద చెక్కించి పెట్టిన రాజు సంగతి విన్నారా?

కడప జిల్లాలో పోరుమామిళ్ల అని ఒక చిన్న పట్టణం ఉన్నది. ఊరి దాపున కొండలు, ఆ కొండలను ఆనుకుని ఒక పెద్ద చెరువు ఉన్నాయి. చెరువు పేరు అనంతరాజ సాగరం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరో పేరు. ఉదయగిరిలో ఉండి ఈ ప్రాంతాన్ని పాలించేవాడు. ఈ సంగతులన్నీ 1369లో ఆయన వేయించిన శాసనంలో ఉన్నాయి. రోజూ 1,000 మంది కూలీలు పనిచేశారట. రాళ్లు తోలడానికి 100 బండ్లు కట్టారట. అలా పని పూర్తి కావడానికి రెండేళ్లు పట్టిందట!

మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని ఆ శాసనం చెబుతుంది. వాటిలో కొన్ని చూడండి. ధర్మం తెలిసిన రాజు ఉండాలి. నీటి శాస్త్రం చదివిన పండితుడు ఉండాలి. నేల గట్టి బంకమన్నుదై ఉండాలి. దూరం నుంచి ప్రవహించి వచ్చే మంచినీటి ఏరు కావాలి. కొండల నడుమ కట్ట వేయాలి. అది మరీ పొడుగు కాకుండా దృఢంగా ఉండాలి. రాళ్ల గని ఉండాలి. పని తెలిసిన మనుషులు ఉండాలి.

కొండలు ఎందుకు? ఆలోచించండి. కొండ అంటే దేవుడు కట్టిన కట్ట. రెండు కొండల మధ్య ఉన్న సందును మాత్రం మూస్తే చాలు, తక్కువ శ్రమతో ఎక్కువ నీరు నిలుస్తుంది. బంకమన్ను ఎందుకు? దాని రేణువులు చాలా సన్ననివి. ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి గనుక నీరు తొందరగా ఇంకిపోదు. ఇసుక నేలలో చెరువు కడితే చిల్లికుండలో నీరు పోసినట్టే!

ఇక దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు కొంచెమై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం కొంచెం కావడం. అయిదయ్యాయి కదా? ఆరోది వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం! అలాంటి చెరువులో నీటి కోసం ఇద్దరూ పోట్లాడుకుంటారు. కట్ట తెగితే మాత్రం బాగుచేసే బాధ్యత నీదంటే నీదంటారు. చెరువు నిలవాలంటే మట్టీ రాయీ ఒక్కటే చాలవు, మనుషుల మధ్య పొందిక కూడా ఉండాలని ఆనాటివారు గ్రహించారన్నమాట.

ఆ పొందిక కోసమే రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి దాని కింద కొంత భూమి ఇనాముగా ఇచ్చేవారు. చెరువు చెడితే ఇనాము పొలమూ ఎండుతుంది గనుక వాళ్లు ఏమరకుండా చూసుకునేవారు. తూము తెరిచి, మూసి, ఎవరి పొలానికి ఎంత నీరు పోవాలో చూడడానికి నీరుగంటి ఉండేవాడు. వేసవిలో రైతులు చెరువు ఒండ్రు తవ్వి బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. దానివల్ల పొలానికి ఎరువు దొరికేది, చెరువుకు లోతు దక్కేది. ఏటేటా వరద నీటితో కొట్టుకువచ్చిన మన్ను చెరువు అడుగున పేరుకుంటుంది. దాన్ని తియ్యకపోతే ఎంత పెద్ద చెరువైనా కొన్నాళ్లకు మైదానమైపోతుంది.

ఆరు వందల యాభై ఏళ్లు దాటినా పోరుమామిళ్ల చెరువు నిలిచి ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజి సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. భాస్కరుడు కట్టించింది రెండేళ్లలోనే. తరవాత ఇన్ని వందల ఏళ్లూ దాన్ని కాపాడినది పేరు తెలియని రైతులు, కూలీలు, నీరుగంట్లు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఈ సెలవుల్లో మీ నాన్నగారితోనో తాతగారితోనో కలిసి మీ ఊరి చెరువు దగ్గరికి వెళ్లండి. నీళ్లు ఎటునుంచి వస్తాయి? తూము ఎక్కడ? నిండితే ఎటు పొర్లుతుంది? పూడిక తీసి ఎన్నేళ్లయింది? పెద్దలను అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. శాసనం చెప్పిన ఆరు దోషాలలో ఏదన్నా కనిపిస్తుందేమో చూడండి. ఏదీ కనిపించకపోయినా, ఊళ్లో చెరువును పట్టించుకునేవారు లేకపోతే అది అన్నిటికన్నా పెద్ద దోషమని గుర్తుంచుకోండి.