గాలి కొట్టే చేతులకు దారి చూపాలి

ఉద్దానంలో సైకిలు ఏనాడూ ఆటవస్తువు కాదు. తెల్లవారకముందే తీరం నుంచి చేపల బుట్ట బయలుదేరింది దాని క్యారేజీ మీదనే. తోటలోంచి కొబ్బరికాయల బస్తా, పనసకాయ, జీడిపిక్కల మూట రోడ్డుకు చేరింది దాని మీదనే. పూండి వంటి చిన్న స్టేషనులో రైలు దిగి లోపలి ఊళ్ళకు పోవలసినవారికి అద్దె సైకిలు ఒక ఆధారంగా ఉండేది. ఆ సైకిళ్ళ వెనుక ఒక షాపు, ఆ షాపులో నూనె మరకల లుంగీతో ఒక పనివాడు, నీళ్ళ తొట్టి, పంపు, రేకు డబ్బా నిండా నట్లు, బేరింగు గోళీలు కనిపించేవి.

ఆ రోజులు పోయాయి. మోటారు సైకిళ్ళు పెరిగాయి, అద్దె సైకిళ్ళు కనుమరుగయ్యాయి. 1951లో సోనేపట్‌లో ప్రారంభమై దేశంలోని పల్లెపల్లెకూ సైకిలు అందించిన అట్లాస్ కంపెనీ, సాహిబాబాద్‌లోని తన ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే ఆపివేసింది. అంతటి ఫ్యాక్టరీకే ఆ గతి పడితే స్టేషను రోడ్డు షాపు ఎంత? పాత పనివారు మోటారు సైకిళ్ళ పంచర్లకు మళ్ళారు. వారి పిల్లలు బతుకుతెరువు కోసం దూర ప్రాంతాలకు రైలెక్కుతున్నారు. అయితే ఇక్కడ విలువ లేకుండా పోతున్న ఈ విద్యే మరికొన్ని చోట్ల గౌరవమైన జీవనోపాధిగా మారింది. ఈ సంగతిని జిల్లా పెద్దలు గమనించవలసి ఉంది.

ఆ ఉపాధి పేరు మౌంటెన్ బైకు గైడు. బైకు అనగానే ఇక్కడివారికి మోటారు బండి గుర్తుకు వస్తుంది. కాని ఇది కాలితో తొక్కే సైకిలే. టైర్లు వెడల్పుగా, గరుకుగా ఉంటాయి. ఎత్తు ఎక్కడానికి గేర్లు, పల్లం దిగడానికి గట్టి బ్రేకులు ఉంటాయి. తారు రోడ్డు వదిలి కొండబాటల్లో, తోటల్లో, రాళ్ళలో తొక్కడానికే దీన్ని తయారు చేశారు. చూడవచ్చిన నలుగురైదుగురిని వెంటబెట్టుకొని ఆ దారుల్లో క్షేమంగా తిప్పి తీసుకురావడం గైడు పని. కొత్త దారులు వెతకడం, పాత దారుల బాగోగులు చూడడం, తిరిగి వచ్చిన సైకిళ్ళను మరునాటికి సిద్ధం చేయడం కూడా అతని బాధ్యతే. తొక్కేది పగలు నాలుగు గంటలయితే రిపేరు బల్ల దగ్గర కూర్చునేది మరో నాలుగు గంటలు.

ఈ సైకిలు పుట్టుక కూడా రిపేరు షాపులోనే జరిగింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ అనే ప్రాంతం ఉంది. 1970వ దశకంలో అక్కడి యువకులు కొందరు మూలపడిన పాత సైకిళ్ళను బాగుచేసుకొని కొండ మీది మట్టిదారుల్లో దిగేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ ఒక పోటీ మొదలయింది. దాని పేరు ‘రీప్యాక్’. ఆ పాత సైకిళ్ళకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి ఆ బ్రేకు కాలి, హబ్బులోని గ్రీజు పొగయిపోయేది. మళ్ళీ తొక్కాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరవలసిందే. ఆ కూరడమే పోటీకి పేరయింది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ఈ సైకిళ్ళ వ్యాపారం పెట్టారు. 1981లో పెద్ద ఎత్తున తయారయిన రకం బజారుకు వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పతకాల పోటీ అయింది. ఒలింపిక్స్ దాకా పోయిన ఈ ఆటకు మొదటి పెట్టుబడి పాత సైకిలు, ఒక స్పానరు, చారెడు గ్రీజు. వీటిలో ఉద్దానంలో దొరకనిది ఏదీ లేదు.

మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లో 2005 నుంచి కొండ సైకిళ్ళ పోటీలు జరుగుతూ వస్తున్నాయి. హైదరాబాదులో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌర ఫలకాల కప్పుతో సహా ప్రారంభించారు. నగరవాసులు సైకిలు తొక్కడానికి ఉత్సాహపడుతున్నారనడానికి ఇదొక నిదర్శనం. అలాంటివారు ఒక సెలవు రోజున ఉద్దానం వస్తే చూపించడానికి ఏమి ఉందన్నదే ప్రశ్న.

పూండిలో కొండ ఎక్కడ ఉందని కొందరు నవ్వవచ్చు. నిజమే, పూండి చుట్టూ ఉన్నది ఇసుక. కాని ఇసుక కూడా కొండంత పరీక్షే పెడుతుంది. జీడితోటల నడుమ సాగే ఇసుక బాటలో బిగువుగా గాలి కొట్టిన చక్రం దిగబడుతుంది. కాస్త గాలి తగ్గించిన వెడల్పు టైరు తేలిపోతుంది. తోటలు దాటితే సరుగుడు, మొగలి పొదలు, ఆపైన సముద్రం. కార్తీక మాసంలో జనం వనభోజనాలకు పోయే అక్కుపల్లి శివసాగర్ తీరం ఈ వైపుదే. టెక్కలి వైపు మళ్ళితే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వానాకాలం చివర వచ్చి, ఊళ్ళోని చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు చేసుకొని, ఎండలు ముదిరేసరికి తిరిగిపోతాయి. ఊరివారు వాటిని ఇంటికి వచ్చిన చుట్టాల్లా చూసుకొంటారు. దగ్గరలోనే నౌపడా ఉప్పు మడులున్నాయి. కొండే కావాలనేవారికి మందస వైపు తూర్పు కనుమలున్నాయి. వాటి వెనుక ఒడిశాలో 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి నిలబడి ఉంది. సముద్రం ఒడ్డున మొదలుపెట్టి కనుమల పాదం దాకా సైకిలు మీద చూడదగిన ఇన్ని రకాల నేల ఒకేచోట దొరకడం అరుదు. పైగా హౌరా - చెన్నై రైలు మార్గం దీని మధ్యనుంచే పోతోంది.

ఇక్కడ గైడు పని చేయాలంటే ఇక్కడి పనివాడే కావాలి. బయటినుంచి వచ్చినవాడికి ఉప్పుగాలి సంగతి తెలియదు. తీరంలో తిరిగిన సైకిలును ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, గొలుసు తుడిచి, పలుచగా నూనె పట్టించకపోతే తుప్పు పడుతుంది. నూనె ఎక్కువయితే ఇసుక పట్టి, గొలుసును, పళ్ళ చక్రాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. తంపర నేలల బురదలో దిగిన సైకిలుకు బేరింగులు విప్పి, కిరసనాయిలులో కడిగి, కొత్త గ్రీజు పెట్టి ఓవరాయిలింగ్ చేయాలి. కోను బిగువు ఎక్కువయితే చక్రం పట్టేస్తుంది, తక్కువయితే ఊగుతుంది. ఆ తేడా చేతికి తెలియాలి గాని పుస్తకంలో దొరకదు. ఇక పల్లేరు కాయలు, తుమ్మముళ్ళు చేసే పంచర్లకు లెక్క లేదు. తోట మధ్యలో నీళ్ళ తొట్టి ఉండదు. ట్యూబును చెంపకు దగ్గరగా పెట్టి గాలి ఎక్కడ తగులుతున్నదో కనిపెట్టాలి. చక్రం పుల్లలు ఒక్కొక్కటే బిగించి బెండు తీసే విద్య షాపులో పదేళ్ళు కూర్చున్నవాడికి వేళ్ళ కొసల్లో ఉంటుంది. గేర్లు, డిస్కు బ్రేకులు అతనికి కొత్తవి కావచ్చు. వాటిని కొద్ది వారాల్లో నేర్పవచ్చు. తక్కిన అనుభవాన్ని కొద్ది వారాల్లో ఎవరూ నేర్పలేరు.

దారి సంగతి కూడా అంతే. ఏ బాట వానకు మునుగుతుందో, ఏ తోటలో పిక్కలు ఏరే రోజుల్లో పోకూడదో, ఏ బావి నీరు తాగవచ్చునో ఊరివాడికే తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో నేలకొరిగాయి. రోడ్లు మూసుకుపోయి ఊళ్ళు ఒంటరివయ్యాయి. కారు, లారీ కదలని అలాంటి వేళ సైకిలును భుజాన వేసుకొని పడిన చెట్టును దాటవచ్చు. అడ్డదారులు తెలిసి, సైకిలు బాగుచేయగల యువకులు ఊరికి నలుగురుంటే ఆపత్కాలంలో మందులు, కబుర్లు చేరవేయడానికి పనికివస్తారు. అందువల్ల ఈ శిక్షణ యాత్రికుల కోసం మాత్రమే అనుకోరాదు.

అయితే కొన్ని హెచ్చరికలు అవసరం. ఈ తీరానికి శీతాకాలం, వేసవి తొలినాళ్ళలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ రోజుల్లో రాత్రిపూట ఇసుకతిన్నెల మీదికి సైకిలు పోనివ్వరాదు. తేలినీలాపురం చెట్ల కింద గుంపులుగా చేరి అల్లరి చేయరాదు. మత్స్యకారుల పల్లెలు వింత చూసే చోట్లు కావు, మనుషుల ఇళ్ళు. అడగకుండా ఫోటోలు తీయరాదు. ఎండ మాట కూడా ఉంది. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి మూలకారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అలాంటి చోట మండుటెండలో, నీళ్ళు లేకుండా ఒళ్ళు హూనం చేసుకొనే కొత్త కొలువును సృష్టించడం తగదు. పొద్దుటి పూట, సాయంత్రం పూట మాత్రమే తిప్పాలి. వచ్చినవారికే కాదు, గైడుకు కూడా పరీక్షించిన మంచినీరు అందాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సమస్య బాటలది. ఊళ్ళ మధ్య డొంకలు, గోర్జిలు ఎవరి సొత్తూ కావు గనుక అందరి కన్నూ వాటిమీదనే పడుతుంది. ఒకరు కంచె జరుపుతారు, మరొకరు చెత్త పోస్తారు. రెండేళ్ళకు బాట కాస్తా తోటలో కలిసిపోతుంది. దానివల్ల నష్టపోయేది యాత్రికుడు కాదు. బడికి పోయే పిల్ల, గంప నెత్తిన పెట్టుకొన్న చేపల మనిషి, ఆ దారినే పొలానికి పోయే కూలి నష్టపోతారు. మారిన్‌లో కూడా దారుల దగ్గరే పేచీ వచ్చింది. నడిచేవారికి, సైకిళ్ళవారికి తగాదాలు ముదిరి చాలా బాటల్లో సైకిళ్ళను నిషేధించారు. చివరికి 1988లో సైకిలువారు ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడి, దారులు బాగుచేసే శ్రమ తామూ పంచుకోవడం మొదలుపెట్టారు. దారిని వాడుకొనేవాడే దాన్ని కాపాడాలన్నది వారు ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం. ఇక్కడ ముందే నేర్చుకోవచ్చు.

ఇందుకు కోట్లు అక్కరలేదు. పంచాయతీలు, రెవెన్యూవారు కలిసి తమ పరిధిలోని పాత బాటలను కొలిపించి, రికార్డులో ఉన్నవాటికి హద్దురాళ్ళు వేయాలి. జిల్లాలోని ఐటిఐలలో గేరు సైకిళ్ళ మరమ్మతుపై స్వల్పకాల శిక్షణ పెట్టి, అందులో పాత సైకిలు పనివారికి మొదటి చోటు ఇవ్వాలి. పదో తరగతి తప్పారన్న సాకుతో వారిని గుమ్మం దగ్గరే ఆపరాదు. ప్రథమ చికిత్స, ఈత నేర్పాలి. అటవీ శాఖవారు పక్షులు, తాబేళ్ళ గురించి నాలుగు పాఠాలు చెప్పాలి. పర్యాటక శాఖవారు పూండి స్టేషను దగ్గర చిన్న షెడ్డు, పది సైకిళ్ళు, నీటి వసతి ఏర్పాటు చేస్తే మొదటి అడుగు పడినట్టే.

ఒక భయం మాత్రం లేకపోలేదు. రిబ్బను కత్తిరించి, ఫోటోలు దిగి, ఆరు నెలలకు ఆ సైకిళ్ళు గోడౌనులో తుప్పుపట్టడం ప్రజలకు కొత్త కాదు. లేదా ఎక్కడి కంట్రాక్టరో వచ్చి, గైడు పని తన మనుషులకు ఇచ్చి, ఊరివారికి సైకిళ్ళు కడిగే పని మిగల్చవచ్చు. అలా అయితే ఈ పథకం లేకపోయినా నష్టం లేదు. దారి చూపే పని, దాని కూలి ఆ దారిన పుట్టి పెరిగినవారివే కావాలి. సైకిళ్ళు, షెడ్డు గైడుల సహకార సంఘం చేతిలో ఉండాలి. వచ్చినదానిలో కొంత బాటల బాగుకు కేటాయించాలి. ఆడపిల్లలను కూడా ఈ పనిలోకి తీసుకోవాలి. బడికి సైకిలు తొక్కిన పిల్ల గైడు కాలేదనడానికి కారణం ఏదీ లేదు.

స్పానరు పట్టడం తెలిసిన చివరి తరం ఇంకా పూండి, పలాస, టెక్కలి వీధుల్లో ఉంది. వారు కూడా షాపు కట్టేసిన తరువాత నేర్పేవారు దొరకరు. జిల్లా యంత్రాంగం నివేదికలతో కాలం గడపకుండా, తేలినీలాపురానికి పక్షులు వచ్చే నాటికి ఒక్క బాట తెరిచి, ఐదుగురికి పని ఇచ్చి చూడాలి. ఆ ఐదుగురూ నిలదొక్కుకొంటే తక్కిన బాటలు ఏవి తెరవాలో వారే చెప్పగలరు.