ఇంట్లో అల్లే గొలుసుకూ కూలి లెక్క వుండాలి

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్న తరువాత బందరు చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద ఒక దృశ్యం కనబడుతుంది. పళ్లెంలో నల్లపూసలు, పక్కన తీగచుట్ట, చేతిలో పట్టుకారు. ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఒక్కొక్క పూసను తీగకు ఎక్కించి, రెండు కొసలా కొక్కెం వంచి, దాన్ని ముందరి పూస కొక్కేనికి తగిలిస్తూ వుంటారు. దారినపోయేవారికి అది పొద్దుపుచ్చే వ్యవహారంలా కనిపిస్తుంది. కాని ఆ పళ్లెంలో వున్నది ఆ ఇంటి పచారీ ఖర్చు, పిల్లల ఫీజు.

చిలకలపూడి బంగారం పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. అది అసలు బంగారం కాదని అమ్మేవారూ చెబుతారు, కొనేవారికీ తెలుసు. కాబట్టి అందులో మోసం ఏమీ లేదు. లోపల రాగో ఇత్తడో, పైన బంగారు పూత. పది గ్రాముల మేలిమి బంగారం 2025లో లక్ష రూపాయలు దాటిన తరువాత, పెళ్లికైనా పేరంటానికైనా గిల్టు నగల వైపు చూసేవారు పెరగడం సహజమే. ఈ పరిశ్రమ కోసం పోతేపల్లిలో ప్రత్యేకంగా నగల పార్కు కూడా ఏర్పడింది. అక్కడ యంత్రాలున్నాయి, పూత తొట్లున్నాయి. అయితే నగలో చేతిపని భాగం మాత్రం ఇప్పటికీ ఇళ్లకే చేరుతున్నది. పూసలు గుచ్చడం, కడియాలు కలపడం, మూడు తీగలు కలిపి జడలా అల్లడం, రాళ్లు అతకడం వంటివి ఆడవారి వేళ్ల మీదే నడుస్తున్నాయి.

ఈ పని తేలికని అనుకునేవారు ఒక పూట చేసి చూడాలి. ఇరవై నాలుగు అంగుళాల నల్లపూసల గొలుసునే తీసుకుందాం. కొక్కేలతో కలిపి ఒక్కో పూస సెంటీమీటరు మేర వుంటే, గొలుసుకు అరవై పూసలు కావాలి. పూసకు రెండు కొక్కేల చొప్పున నూట ఇరవై వంపులు. ఒక్క వంపు సరిగా మూసుకోకపోయినా కొన్న మనిషి మెడలో గొలుసు తెగి రాలుతుంది, సరుకు వాపసు వస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి పూసకు అర నిమిషం తీసుకున్నా గొలుసుకు అరగంట పడుతుంది. తల ఎత్తకుండా ఎనిమిది గంటలు కూర్చుంటే పదహారు గొలుసులు. అంటే రోజు కూలి నాలుగు వందలు రావాలంటే గొలుసుకు పాతిక రూపాయలు ముట్టాలి. పది రూపాయలిస్తే ఆ రోజు కూలి నూట అరవై. ఈ లెక్క వేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అయినా సరుకు పంచే వేళ ఈ లెక్క వేసేవారు ఎవరూ కనబడరు.

అసలు చిక్కు ఇక్కడే వున్నది. చాలా చోట్ల తీగ, పూసలు తూచి ఇచ్చేటప్పుడు రేటు మాట రాదు. గొలుసులు తిరిగి అప్పగించే రోజున “ఈసారి రేటు తగ్గింది పిన్నీ, బొంబాయి పార్టీ ఒప్పుకోలేదు” అంటాడు ఏజెంటు. చేసిన పని చేతిలో వుంది, తీగ అతనిది, పూసలు అతనివి. ఆమె ఏం చేయగలదు? “అదేంటి బాబూ, పోయినసారి రేటన్నా ఇవ్వవా?” అని గొణిగి, ఇచ్చింది పుచ్చుకుంటుంది. దానికితోడు తరుగు పేరిట కోత.

ఈ తరుగు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రాగి, ఇత్తడి తీగను వంచి మెలిపెట్టే కొద్దీ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన తీగను మళ్లీ వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకే కమ్మచ్చులో లాగిన తీగను కాల్చి మెత్తబరచిన తరువాతే అల్లికకు ఇవ్వాలి. (ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే బిరుసెక్కుతుంది, రాగి అదే పని చేస్తే మెత్తబడుతుంది. కంసాలి ఇంట పుట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.) సరిగా కాల్చని తీగ ఇస్తే ముక్కలు ఎక్కువ విరుగుతాయి. ఆ తప్పు తీగ తయారైన చోటిది. తరుగు మాత్రం అరుగు మీద కూర్చున్న మనిషి కూలిలోంచి పోతుంది. ఇది ఎంత మాత్రం న్యాయం కాదు.

ఖాళీ వేళల్లో చేసే పనికి ఇంత రాద్ధాంతం ఎందుకని కొందరు వ్యాపారులు అంటారు. ఈ మాట కొత్తది కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తూ కూడా ఆ స్త్రీలు కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్లుగా చెలామణీ అయిన తీరును ఆమె అందులో చూపించారు. ఇల్లాలనే పేరుతో కూలి తగ్గుతుంది, లాభం మధ్యవారి చేతుల్లో మిగులుతుంది. గోదావరి జిల్లాలో నాడు లేసుకు జరిగిందే ఇక్కడ గొలుసుకు జరుగుతోంది.

చట్టం లేదనడానికి వీలు లేదు. ముక్కల లెక్కన చేసే పనికి కూడా కనీస రేటు నిర్ణయించే వీలు 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే వుండేది. సరుకు ఇంటికి తీసుకుపోయి చేసి ఇచ్చేవారిని సైతం ఆ చట్టం ఉద్యోగుల కింద లెక్కించింది. ముక్కల రేటు నిర్ణయించే వీలు 2019 వేతనాల స్మృతిలోనూ వుంది. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల చట్టం ఇంటి వద్ద పనిచేసేవారిని విడిగా పేర్కొన్నది. 2021 ఆగస్టులో ఇ-శ్రమ్ నమోదు మొదలైంది. పదహారు నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు వయసుండి, ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. లేనివారు అందులో చేరవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా వుంటే చాలు. గొలుసులు అల్లే స్త్రీలు ఈ నమోదు చేయించుకోవాలి. నమోదు వేళ వృత్తి అడిగితే “గృహిణి” అని రాయించుకుని వచ్చేస్తే మాత్రం ప్రయోజనం లేదు.

ఆరోగ్యం సంగతి మరొకటి. తీగ అల్లికలో కంటికి, మెడకు శ్రమే తప్ప ప్రాణభయం లేదు. పూత వేయడం అలా కాదు. బంగారు పూత తొట్టిలో వాడేది సైనైడు ఉప్పు. దానికి ఆమ్లం తగిలితే ప్రాణాలు తీసే వాయువు పుడుతుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని వంటగది పక్కన, పిల్లలు తిరిగే చోట పూత పెట్టుకోవడం ఆత్మహత్యతో సమానం. పూత పని పార్కులోనో, గాలి వెలుతురు, మురుగు శుద్ధి వున్న షెడ్లలోనో మాత్రమే జరగాలి. టంకానికి కాడ్మియం కలిసిన లోహం వాడితే ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. అది కలవని టంకమే వాడాలి. పూత అడుగున నికెలు వేస్తే కొందరికి చెవి తమ్మెలు దురదపెట్టి పుండ్లు పడతాయి. ఐరోపా దేశాలు 1994లోనే నగల్లో నికెలు మీద ఆంక్షలు పెట్టాయి. బయటి మార్కెట్టు కావాలనుకునే మన వ్యాపారులు ఈ విషయం కూడా పట్టించుకోవాలి.

వ్యాపారుల కష్టాలు కాదనలేనివి. యంత్రాల మీద తయారైన చవక సరుకుతో పోటీ వుంది. అరువుకు పోయిన సరుకు డబ్బు నెలల తరబడి రాదు. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగినప్పుడు ఈ వ్యాపారం ఎంత దెబ్బతిన్నదో అందరూ చూశారు. అయితే ఆ నష్టం మెట్లు దిగుతూ వచ్చి చివరకు పూస గుచ్చే మనిషి ఒక్కరి మీదే ఆగడం సబబు కాదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. సరుకు ఇచ్చేటప్పుడే తీగ బరువు, పూసల లెక్క, గొలుసు రేటు, డబ్బు ఇచ్చే తేదీ రాసిన చీటీ చేతిలో పెట్టాలి. తరుగుకు ముందే ఒక హద్దు అనుకోవాలి. వూళ్లో పొదుపు సంఘాలు వున్నాయి కదా. పదిమంది కలిసి ఒకే రేటు అడిగితే ఏజెంటు కాదని వెళ్లడం అంత సులువు కాదు. మరో అడుగు వేసి సంఘం పేరనే తీగ, పూసలు కొనుక్కుని, పూత మాత్రం పార్కులో వేయించుకోగలిగితే ఏజెంటు వాటా వారికే మిగులుతుంది. కార్మిక శాఖ అధికారులు ఒకరోజు ఏ అరుగు మీదనైనా కూర్చుని, గడియారం పెట్టి ఒక గొలుసుకు ఎంతసేపు పడుతుందో చూడాలి. ఆ కాలం ప్రకారం ముక్కల రేటు కట్టి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. మాఘమాసం పెళ్లిళ్ల ఆర్డర్లు పంచడం మొదలయ్యే లోపే ఇది జరగాలి.