కట్టినవా రొకరు, కట్టవలసినవా రొకరు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్న మన సామెత ఒక సంగతిని చెప్పక చెప్పుచున్నది. ఇల్లు కట్టించువాడును, అందులో కాపురముండువాడును ఒక్కడే యని దాని ఊహ. పునాది లోతెంతయో, ఇటుక ఏ బట్టీలోనిదో, సిమెంటులో ఇసుక పాలెంతయో ఆ గృహస్థునకు తెలిసియుండును. తప్పు జరిగినచో అనుభవించువాడును అతడే. ఇంగ్లండులో గడచిన కొన్నేండ్లుగా సాగుచున్న గృహవివాదము ఈ ఊహ తలక్రిందులైనచోట పుట్టినది. అక్కడ ఇల్లు కట్టినవా రొకరు. దాని గోడలకు మండెడి పలకలు తొడిగినవారు మరియొకరు. అట్టి పలకలకు తావిచ్చిన నిబంధనలు వ్రాసినది ప్రభుత్వము. వానిని ఊడదీయుటకు డబ్బు కట్టుమన్న తాఖీదు మాత్రము వీరిలో ఎవరికిని రాలేదు. జీవితకాలపు అప్పుతో ఒక చిన్న ఫ్లాటు కొనుక్కొన్న ఉపాధ్యాయునికో, నర్సునకో వచ్చినది.

2017 జూన్ 14వ తేదీన, రాత్రి ఒంటిగంటకు కొంచెము ముందు, పశ్చిమ లండనులోని గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల భవనములో, నాలుగవ అంతస్తునందలి ఒక వంటగదిలో, రిఫ్రిజిరేటరు వద్ద నిప్పు పుట్టెను. కాంక్రీటు కట్టడములో అట్టి నిప్పు ఆ గదిలోనే అణగిపోవలసినది. కాని 1974లో పూర్తియైన ఆ పాత భవనమునకు 2016 నాటికి ఒక కొత్త పైతొడుగు తొడిగియుండిరి. దీనినే ఆంగ్లేయులు క్లాడింగ్ అందురు. చలిని ఆపుటకును, చూపునకు ఇంపుగా నుండుటకును గోడ వెలుపల బిగించు పలకలివి. గ్రెన్‌ఫెల్‌కు బిగించిన పలకలలో రెండు పలుచని అల్యూమినియము రేకుల నడుమ పాలిథిలీన్ అను ప్లాస్టిక్కు పొర యున్నది. మన పట్టణములలో దుకాణముల ముఖభాగములకు బిగించు ఏసీపీ షీట్లు ఈ జాతివే. పాలిథిలీన్ కరగి, కారుచు మండును. వంటగది కిటికీ నుండి వెలుపలికి వచ్చిన నిప్పు అరగంట గడువకముందే భవన శిఖరమును తాకెను. 72 మంది మరణించిరి.

ఇది ఎవరును ఊహింపని దైవఘటన కాదు. 1999లో స్కాట్లండులోని అర్విన్ పట్టణమున ఒక ఎత్తయిన భవనములో మంటలు వెలుపలి గోడ వెంట పైకి ప్రాకి ఒకరి ప్రాణము తీసినవి. ఆ వెంటనే పార్లమెంటు సంఘమొకటి విచారణ జరిపి హెచ్చరించెను. 2009లో దక్షిణ లండనులోని లకనాల్ హౌస్‌లో ఆరుగురు మరణించిరి. 2013లో ఆ మరణముల విచారణాధికారి అగ్నిరక్షణ నిబంధనలను సవరింపుడని ప్రభుత్వమునకు వ్రాసెను. ఆ సవరణ జరుగకుండగనే గ్రెన్‌ఫెల్ మండినది. విశ్రాంత న్యాయమూర్తి సర్ మార్టిన్ మూర్-బిక్ అధ్యక్షతన జరిగిన విచారణ తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వెలువడినది. ఆ మరణములన్నియు తప్పించదగినవే యనియు, పలకలను, ఉష్ణనిరోధక సామగ్రిని తయారుచేసిన సంస్థలు పరీక్షల విషయమున నిజాయితీ లేక ప్రవర్తించిన వనియు, 2016 నాటికే సంబంధిత మంత్రిత్వశాఖకు ప్రమాదము చక్కగా తెలిసియు ఏమియు చేయలేదనియు అది నిర్ధారించినది. కావున ఇండ్ల యజమానులకు ప్రభుత్వము చేసిన సహాయమును దానముగా లెక్కించుట సరికాదు. తెలిసి ఊరకున్నవాడు ఇచ్చుకొను పరిహారములో అది ఒక భాగము.

గ్రెన్‌ఫెల్ చాలవరకు స్థానిక కౌన్సిలు వారి అద్దెయిండ్ల భవనము. దాని పిమ్మట దేశమందలి ఎత్తయిన భవనముల గోడలను పరీక్షింపగా, సొంత ఫ్లాట్లున్న వందలాది కట్టడములకును అట్టి తొడుగులే యున్నట్లు తేలినది. ఇచ్చట ఆ దేశపు ఆస్తిచట్టమును కొంచెము తెలిసికొనవలెను. మన ఊళ్ళలో ఫ్లాటు కొన్నవానికి భవనము నిలిచిన స్థలములో అవిభక్త భాగము రిజిస్టరు చేయుదురు. ఇంగ్లండులో అట్లు కాదు. ఫ్లాటు కొన్నవాడు 99 ఏండ్లకో, 125 ఏండ్లకో, అంతకు మించియో లీజుదారు మాత్రమే. నేలయు, గోడలును, పైకప్పును వేరొక భూస్వామివి. గోడకు ఏ రంగు వేయవలెనో నిర్ణయించు అధికారము లీజుదారునకు లేదు. కాని గోడ మరమ్మతు ఖర్చును నిర్వహణ రుసుము పేరిట భరించు బాధ్యత అతనిదే. మధ్యయుగపు భూస్వామ్య వ్యవస్థ లిఫ్టుగల భవనములో ఇంకను కాపురమున్నదన్నమాట!

భూస్వాములు లెక్కలు కట్టి బిల్లులు పంపిరి. కొన్నిచోట్ల ఒక్కొక్క ఫ్లాటుకు వంతు వేలు దాటి లక్ష పౌన్ల దాపునకు పోయినది. నిప్పు పుట్టినచో వెంటనే కేక వేయుటకై రాత్రింబవళ్ళు భవనమంతయు తిరుగు కావలివారిని పెట్టిరి. వారి జీతమును లీజుదారుల మీదనే పడినది. 2019 డిసెంబరులో వెలుపలి గోడల భద్రతను ధ్రువపరచు ఒక పత్రము ప్రవేశపెట్టబడినది. ఆ పత్రము లేనిదే బ్యాంకులు అప్పు ఇయ్యమనెను. అప్పు దొరకని ఇల్లు కొనువాడెవడు? వేలాది ఫ్లాట్ల విలువను మదింపుదారులు సున్నాగా వ్రాసిరి. పెండ్లియై, బిడ్డలు కలిగి, పెద్ద ఇంటికి మారదలచినవారు ఒంటిగదిలో చిక్కుకొనిరి. ఉద్యోగము వేరొక ఊరికి మారినవారు ఇల్లు అమ్మలేక ఉద్యోగమునే వదలుకొనిరి. నిప్పంటుకొనని ఇండ్లలో సయితము కాపురములు ఇట్లు కాగిపోయినవి.

ప్రభుత్వ సహాయము మెట్లు మెట్లుగా వచ్చినది. 2018లో కౌన్సిళ్ళ, గృహసంఘముల భవనములకు 40 కోట్ల పౌన్లు. 2019లో ప్రయివేటు భవనములకు 20 కోట్లు. ఈ రెండును గ్రెన్‌ఫెల్ మీది పలకల వంటి వానికే. తక్కిన జాతుల తొడుగులు మండవా యని లీజుదారులు గోల చేయగా, 2020లో 100 కోట్ల నిధి నేర్పరచిరి. 2021 ఫిబ్రవరిలో గృహమంత్రి రాబర్ట్ జెన్రిక్ మరి 350 కోట్లు ప్రకటించెను. ఐతే ఈ సొమ్ము 18 మీటర్లకు మించిన భవనములకే చెందును. 11 మీటర్లకును 18 మీటర్లకును నడుమ నున్న భవనముల వారికి నిధి కాదు, అప్పు! నెలకు 50 పౌన్లకు మించకుండ తీర్చుకొనవలెనట. తన తప్పేమియు లేనివాడు పరుల తప్పు దిద్దుటకు అప్పు చేయవలెనన్న ఈ ఏర్పాటు ఏ నీతికిని నిలువదు. అగ్నికి కొలతబద్ద తెలియదు. 17 మీటర్ల భవనములో వృద్ధులో, వికలాంగులో ఉన్నచో, 19 మీటర్ల భవనము కంటె అదియే ఎక్కువ ప్రమాదకరము కావచ్చును. ప్రమాదమును కొలువవలసినచోట ఎత్తును కొలిచిరి. ఎత్తును కొలుచుట సులభము గదా!

ఈ అన్యాయమును ఎత్తిచూపినది లీజుదారులే. ప్రతిపక్షమును, లార్డుల సభయు, అధికారపక్షములోని కొందరు సభ్యులును వారికి తోడైరి. 2022 జనవరిలో కొత్త మంత్రి మైకేల్ గోవ్ అప్పు పథకమును రద్దుచేసి, భవనములు కట్టి లాభము తీసిన సంస్థలే 400 కోట్లు చెల్లింపవలెనని ప్రకటించెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 28న భవన భద్రతా చట్టము రాజామోదము పొందినది. 11 మీటర్లకు మించిన భవనములలో అర్హులైన లీజుదారులు పైతొడుగు తొలగింపునకు దమ్మిడీయైన ఇయ్యనక్కరలేదని అది శాసించినది. తొడుగు కాక ఇతర లోపముల దిద్దుబాటుకు మాత్రము ఒక మితి యున్నది. అది సాధారణముగ లండనులో 15 వేలు, వెలుపల 10 వేలు. చాల ఖరీదైన ఫ్లాట్లకు అంతకు హెచ్చు. 2023లో ప్రభుత్వము నిర్మాణ సంస్థల ముందు ఒక ఒడంబడికను పెట్టి, సంతకము చేయనివారికి ఇకపై కట్టడపు అనుమతులే దొరకవని బెదరింపగా, యాభైకి పైగా సంస్థలు దిగివచ్చినవి. బెదరింపు లేనిదే నీతి కదలలేదని గమనింపవలెను.

ఆ చట్టములో మనవారు శ్రద్ధగా చదువవలసిన నిబంధన ఒకటి కలదు. లోపముతో కట్టిన ఇంటిపై దావా వేయుటకు 1972 నాటి ఒక శాసనము ఆరేండ్ల గడువిచ్చెడిది. దానిని, గతములో పూర్తియైన ఇండ్లకు 30 ఏండ్లకును, ఇకమీదటి వానికి 15 ఏండ్లకును పొడిగించిరి. మన దేశమున 2016 నాటి రెరా చట్టము ప్రకారము, ఇల్లు స్వాధీనపరచిన అయిదేండ్లలోపల బయటపడిన నిర్మాణ లోపమును బిల్డరు ఉచితముగ దిద్దవలెను. అయిదేండ్లు గడచిన పిదప బయటపడు లోపమునకు ఆ రక్షణ లేదు. మండు తొడుగు అయిదేండ్లలో బయటపడు లోపము కాదు. నిప్పు పుట్టువరకు అది అందముగనే కనబడును.

కొనిన ఇంటి లోగుట్టు కొన్నవానికి తెలియదని ఇంతగా రుజువైన ఆ రోజులలోనే, అదే మంత్రిత్వశాఖ మరియొక పథకమును చేపట్టినది. ఎవరి ఇల్లు వారే కట్టుకొనుటను ప్రోత్సహించుట దాని ఉద్దేశము. ‘స్వయంగృహనిర్మాణ’మని దీనికి పేరు పెట్టుకొనవచ్చును గాని, తెలుగులో ఇట్టి పేరు అవసరమే లేకపోయినది. మన పల్లెలలో ఇల్లనగా స్వయముగ కట్టించుకొన్నదే. మేస్త్రీని పిలిచి, ముగ్గు పోయించి, నీళ్ళు కొట్టించి, రోజుకూలి లెక్క తానే చూచుకొనుట మన గృహస్థునకు పరిపాటి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజన పట్టణ విభాగములో సయితము, సొంత స్థలమున్న లబ్ధిదారుడు తానే కట్టుకొనుటకు కేంద్రము ఇంటికి లక్షన్నర రూపాయలిచ్చు పద్ధతి యొకటి యున్నది. ఇంగ్లండులో మాత్రము కొద్ది బడా సంస్థలు కట్టి అమ్ము ఇండ్లే హెచ్చు. సొంతముగ కట్టుకొనుట అపురూపము.

అక్కడ స్థలము కోరువారి పట్టికను ప్రతి కౌన్సిలు ఉంచవలెనని 2015లో ఒక చట్టము చేసిరి. కోరినవారి సంఖ్యకు సరిపడ స్థలములకు మూడేండ్లలో అనుమతు లియ్యవలెనని 2016లో మరియొకటి చేసిరి. స్థానిక సంబంధము చూపవలెనని కొన్ని కౌన్సిళ్ళు అడ్డుకట్ట వేసినవి; కొన్ని రుసుము విధించినవి. పట్టికలో పేరెక్కుట వేరు, నేల చిక్కుట వేరు. 2021లో 15 కోట్ల పౌన్లతో సహాయ పథకము ప్రకటించి, 2022 జూన్‌లో ప్రారంభించిరి. అయిదు శాతము సొమ్ము చేత నున్నవానికి, స్థలము, కట్టడముల ఖర్చులో ఇరువది శాతము వరకు, లండనులో నలువది శాతము వరకు, ప్రభుత్వము అప్పిచ్చును. మొదటి అయిదేండ్లు వడ్డీ లేదు. స్థలము వెదకి, అనుమతి తెచ్చి, నమూనా గీయించుటకే ఏడాది పట్టు పనికి ఏడాదియైనను ఊపిరాడనీయక, 2023లోనే కొత్త దరఖాస్తులను ఆపివేసిరి.

స్వయముగ కట్టుకొనువాడు అందరికి ఆదర్శము కానేరడు. లండను నడిబొడ్డున ఎవడు సొంత గోడ లేపగలడు? బహుళ అంతస్తులు అనివార్యము. ఐనను ఆ రెండు పథకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక తేడా కొట్టవచ్చినట్లు కనబడును. సొంతముగ కట్టువానికి బాధ్యతయు అధికారమును కలసియే యున్నవి. లీజుదారునకు బాధ్యతయే కాని అధికారము లేదు. ధనసహాయము చాల అవసరమే గాని, ఈ చీలికను ధనము పూడ్చజాలదు. భూస్వామి చేతినుండి గోడమీది హక్కు నివాసుల చేతికి మారినప్పుడే అది పూడును. లీజు పద్ధతికి బదులు ఉమ్మడి యాజమాన్యమును తేవలెనన్న ఆలోచన అక్కడి ప్రభుత్వములు పలుమారులు చెప్పినదే. 2002లోనే అందుకొక చట్టము చేసిరి గాని, దానిని వాడుకొన్న భవనములు బహు స్వల్పము.

2024 నవంబరులో ఆ దేశపు జాతీయ ఆడిటు కార్యాలయము లెక్క తీసెను. 11 మీటర్లకు మించి, ప్రమాదకరమైన తొడుగు గల భవనములు 9 వేలనుండి 12 వేల వరకు ఉండునని దాని అంచనా. అందులో నూటికి అరువది వరకు గుర్తింపబడనే లేదట. మొత్తము ఖర్చు సుమారు 1660 కోట్ల పౌన్లు. పని ముగియుట 2035 నాటికి. ఆపై నెల ప్రభుత్వము, తన నిధిలో చేరిన 18 మీటర్లకు మించిన భవనములన్నిటిని 2029 చివరికి బాగుచేయింతుమని మాట యిచ్చినది. గ్రెన్‌ఫెల్ టవరును నేలమట్టము వరకు విప్పివేయుదుమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించినది. మూడంతస్తుల భవనములో, 11 మీటర్లకు లోబడిన ఎత్తున ఫ్లాటు కొన్న లీజుదారునకు మాత్రము 2022 చట్టపు రక్షణ వర్తించలేదు. అట్టి భవనములకు ప్రమాదము తక్కువ యనియు, ఒక్కొక్కదానిని విడివిడిగా పరిశీలింతుమనియు మంత్రులు చెప్పిరి. గోడ విప్పించుమని భూస్వామి పంపిన బిల్లు అతని బల్లమీదనే యున్నది.